గంప మీద రాయి పెడితే మంచిగుండు!

బాన్సువాడలో ఓ ఇల్లు అనుకోండి. అంగడికి వెళ్లిన అమ్మ రెండు రంగుల కోడిపిల్లల్ని తెచ్చింది. ఒకటి గులాబీ రంగు, ఇంకొకటి ఆకుపచ్చ. ఇంట్లో నాలుగేళ్ల తమ్ముడు, ఎనిమిదేళ్ల అక్క. ఇక ఆ రోజంతా ఇద్దరూ వాటి వెంటే. నూకలు చల్లడం, మూతలో నీళ్లు పోసి పెట్టడం, అరచేతిలోకి తీసుకుని ముద్దు చేయడం... రాత్రికి గంప బోర్లించి పైన బరువుకు ఓ రాయి పెట్టాలి. ఆ పని నానమ్మ అక్కకు అప్పగించింది. గంప బోర్లించింది కానీ, లోపల టీవీలో పాట వస్తుంటే ఒక్క పరుగున వెళ్లిపోయింది. రాయి సంగతి మరిచింది. తెల్లారేసరికి గంప పక్కకు ఒరిగి ఉంది. గులాబీ పిల్ల లేదు. నాలుగు ఈకలు మాత్రం మిగిలాయి.

తమ్ముడు గుక్కపట్టి ఏడ్చాడు. పిల్లి పాడుదన్నాడు. కర్ర పట్టుకుని గోడ దాకా వెళ్లొచ్చాడు. 'ఇంకోటి కొందాం' అని అడిగాడు. వచ్చే అంగడికి కొంటానని అమ్మ అనగానే కళ్లు తుడుచుకుని ఉప్మా ముందు కూర్చున్నాడు. అక్క ఏడవలేదు. అలాగని తినలేదు కూడా. మధ్యాహ్నం ఎప్పుడో నానమ్మ కొంగు పట్టుకుని, ఎవరికీ వినపడనంత చిన్నగా ఓ మాట అంది.

'రాయి పెడితే మంచిగుండు.'

ఒకే కోడిపిల్ల, ఒకే పిల్లి. అయినా అన్నాతమ్ముళ్ల ఇళ్లలో, అక్కాతమ్ముళ్ల ఇళ్లలో ఈ తేడా ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటుంది. ఏడ్చినవాడికే ఎక్కువ బాధ అనుకుంటారు పెద్దలు. వాడిని ఎత్తుకుంటారు, ఊరడిస్తారు. మూల కూర్చున్న పిల్ల సంగతి ఎవరికీ పట్టదు. నిజానికి తమ్ముడు పోగొట్టుకున్నది కోడిపిల్లనే. అక్క తలలో మాత్రం రెండు రాత్రులున్నాయి. ఒకటి జరిగిపోయిన రాత్రి. రెండోది జరగని రాత్రి... అందులో గంప మీద రాయి ఉంది, తెల్లారి పిల్ల కిచకిచలాడుతోంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటోంది. నానమ్మతో అన్న ఆ చిన్నమాట అక్కణ్నుంచే వచ్చింది.

దీన్నే పెద్దలు పశ్చాత్తాపం అంటారు. పశ్చాత్ అంటే తరవాత, తాపం అంటే వేడి, మంట. పని అయిపోయాక పుట్టే మంట అన్నమాట. ఇంత పెద్ద మాట పిల్లలకు రాదు. వాళ్లకు 'అయ్యో' చాలు. ఆ పైన తెలంగాణలో అందరి నోటా ఉండే 'మంచిగుండు' చాలు. చేస్తే మంచిగుండు, పోకపోతే మంచిగుండు... జరగనిదాన్ని జరిగినట్టు ఊహించి, ఇప్పుడున్నదానితో కొలిచి చూసే పనంతా ఈ ఒక్క మాట చేసేస్తుంది. ఆటల్లో పిల్లలు అరిచే 'తూచ్' కూడా దీనికి చుట్టమే. అడుగు తప్పుపడగానే ఆ అడుగు లెక్కలోకి రాదని ప్రకటించడం! అయితే తూచ్‌తో ఆట వెనక్కి వెళుతుంది. కోడిపిల్ల రాదు.

కల్లంలో వాన

బాధకూ పశ్చాత్తాపానికీ తేడా బాన్సువాడ చుట్టుపక్కల రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక ఈ ప్రాంతమంతా వరి సీమ అయింది. కోతల కాలంలో కల్లంలో వడ్లు ఆరబోసి ఉంటాయి. ఉన్నట్టుండి వాన పడుతుంది. వాన పడినందుకు రైతుకు కలిగేది బాధ. దానికి మబ్బును తిట్టుకుంటాడు. 'పొద్దుగూకకముందే పట్టా కప్పితే మంచిగుండు' అనుకున్నప్పుడు కలిగేది పశ్చాత్తాపం. అక్కడ తిట్టుకోవడానికి తాను తప్ప ఇంకెవరూ ఉండరు. అందుకే అది ఎక్కువ కాలుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు రాత్రి అన్నం దగ్గర మాట్లాడుకునే ఇలాంటి మాటలన్నీ పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. చెవిన పడటం వేరు, లోపల పుట్టడం వేరు. అది ఏ వయసులో పుడుతుంది? ఇది తేల్చడానికి శాస్త్రవేత్తలు పాతికేళ్లుగా పిల్లల ముందు పెట్టెలు పెడుతున్నారు.

పెట్టెల ఆట చాలా తేలిక. బల్ల మీద రెండు పెట్టెలుంటాయి. ఒకటి ఎంచుకోమంటారు. పిల్ల ఓ పెట్టె తెరుస్తుంది. అందులో ఓ చిన్న బహుమతి. సంతోషమేనా అని అడుగుతారు. బొమ్మ ముఖాల్లో నవ్వేదో, మూతి ముడుచుకున్నదో చూపించమంటారు. ఆ తరవాత రెండో పెట్టె తెరుస్తారు. అందులో అంతకన్నా ఎక్కువ బహుమతులు! మళ్లీ అడుగుతారు... 'ఇప్పుడు ఎలా ఉంది? ఇందాకటిలాగే ఉందా, సంతోషం పెరిగిందా, తగ్గిందా?'

నాలుగేళ్ల పిల్లల్లో ఎక్కువమంది ఇందాకటిలాగే ఉందంటారు. రెండో పెట్టెలో ఏముంటే వాళ్లకేం! చేతిలో ఉన్నది చేతిలోనే ఉంది కదా. ఆరేడేళ్లకు వచ్చేసరికి ముఖం వాడిపోతుంది. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో సారా బెక్, బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో టెరెసా మెకార్మాక్, ఎయిడన్ ఫీనీ ఇలాంటి ప్రయోగాలు ఎన్నో చేశారు. చాలా ప్రయోగాల్లో తేలింది ఇదే. ఐదు నుంచి ఏడేళ్ల మధ్య ఎక్కడో ఈ మంట మొదలవుతుంది.

ఇంకో విచిత్రం ఉంది. రెండో పెట్టెలో తక్కువ ఉందనుకోండి. పెద్దవాళ్లయితే 'హమ్మయ్య, మంచిదే తీశా' అనుకుంటారు. పిల్లలకు ఆ హమ్మయ్య వెంటనే రాదు. 'అయ్యో' ముందొస్తుంది, 'హమ్మయ్య' తరవాతెప్పుడో వస్తుంది. ప్రకృతి ఈ వరస ఎందుకు పెట్టిందో కానీ, పిల్లల పట్ల కాస్త కఠినంగానే ఉన్నట్టుంది.

అందరూ ఈ వయసు లెక్కను ఒప్పుకోరు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కు చెందిన ఎవా రఫెట్సెడర్, జోసెఫ్ పెర్నర్ 2012లో అడ్డం తిరిగారు. రెండో పెట్టెలో ఎక్కువ చూసి ముఖం మాడ్చుకుంటే అది పశ్చాత్తాపమే ఎందుకవ్వాలి, అవి కూడా కావాలన్న ఆశ కావచ్చు కదా అన్నది వాళ్ల వాదన. జాగ్రత్తగా వడపోసి చూస్తే అసలైన పశ్చాత్తాపం తొమ్మిదేళ్ల దగ్గర గానీ కనిపించదన్నారు. వాదన ఇంకా తెగలేదు. అయితే వీళ్లు వాడిన ఓ చిక్కు ప్రశ్న మాత్రం తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోదగ్గది.

ఇల్లు తుడిచి ఉంది. ఓ పాప బురద చెప్పులతో లోపలికి వచ్చింది. నేల పాడైంది. 'చెప్పులు విడిచి వచ్చి ఉంటే నేల ఎలా ఉండేది?' అని అడిగితే మూడు నాలుగేళ్ల పిల్లలు కూడా శుభ్రంగా ఉండేదని చెప్పేస్తారు. 1996లో పాల్ హ్యారిస్ బృందం ఇది చూపించింది. రఫెట్సెడర్ వాళ్లు కథలో చిన్న మార్పు చేశారు. ఈసారి బురద చెప్పులతో వచ్చింది ఇద్దరు. అందులో ఒక్కరే చెప్పులు విడిచి ఉంటే? రెండోవాళ్లు ఎలాగూ బురదతోనే వచ్చారు కాబట్టి నేల అప్పుడూ పాడయ్యేదే. కానీ ఐదారేళ్ల పిల్లల్లో చాలామంది 'శుభ్రంగా ఉండేది' అనే చెప్పారు. 'ఇలా చేసి ఉంటే' అని ఊహించడం వాళ్లకు వచ్చు. ఆ ఊహలో మిగతా కారణాలన్నీ అలాగే ఉంచి చూడటం రాదు. ఈ బురద చెప్పుల సంగతి మళ్లీ ముందుకు వస్తుంది.

లెంపలు ముందు... అర్థం తరవాత

పశ్చాత్తాపం పుట్టకముందే దాని తంతు మాత్రం మన ఇళ్లలో పిల్లలకు వచ్చేస్తుంది. మాటలు సరిగా రాని పసివాడు కూడా వినాయకుడి పటం ముందు ముద్దుగా లెంపలేసుకుంటాడు. రెండు చెవులూ పట్టుకుని గుంజీళ్లు తీస్తాడు. ఇంట్లో అందరూ చప్పట్లు కొడతారు. వాడికి అదో ఆట. కాస్త పెద్దయ్యాక పక్కింటి పిల్లను గిల్లినప్పుడు 'సారీ చెప్పు' అంటారు. వాడు ఎటో చూస్తూ 'సారీ' అనేసి పరుగెత్తుతాడు. వెంటనే మళ్లీ గిల్లుతాడు. 'ఇందాకే కదా సారీ చెప్పావ్' అని అమ్మకు కోపం. వాడి లెక్కలో సారీ అంటే ఇబ్బంది నుంచి బయటపడే గేటు తాళం. చెప్పమన్నారు, చెప్పాడు, అయిపోయింది.

అలాగని పసివాళ్లకు లోపల ఏమీ ఉండదనీ కాదు. అమెరికాలోని అయోవాలో గ్రాజినా కొచాన్‌స్కా అనే మనస్తత్వవేత్త రెండు, మూడేళ్ల పిల్లల చేతికి ఓ బొమ్మ ఇచ్చేది. ఇది నాకెంతో ఇష్టమైంది, జాగ్రత్త అని చెప్పి మరీ ఇచ్చేది. పట్టుకోగానే విడిపోయేలా దాన్ని ముందే అమర్చి ఉంచేవారు. బొమ్మ చేతిలో ఊడిపోగానే పిల్లలు చూపు తిప్పుకునేవారు, ముడుచుకుపోయేవారు, కొందరు మొహం కప్పుకునేవారు. తరవాత అలాంటిదే బాగున్న బొమ్మ తెచ్చి, తప్పు నీది కాదని చెప్పి పంపేవారు. 2002లో ఈ వివరాలు అచ్చయ్యాయి. అంటే ఏదో పాడుచేశామన్న ముడుచుకుపోవడం ముందే ఉంది. ఇంకోలా చేసి ఉంటే అన్న ఆలోచన దానికి తోడు కావడానికి ఇంకో మూడు నాలుగేళ్లు పడుతోంది.

పిల్లల న్యాయమూ వేరే. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజె 1932 నాటి పుస్తకంలో రెండు కథలు చెబుతాడు. ఓ అబ్బాయి గదిలోకి వస్తూ తలుపు తోశాడు. తలుపు వెనక కప్పులున్నాయని తెలీదు. పదిహేను పగిలాయి. ఇంకో అబ్బాయి అమ్మ లేనప్పుడు జామ్ దొంగతనంగా తీయబోయి ఒక కప్పు పగలగొట్టాడు. ఎవరిది ఎక్కువ తప్పు? చిన్నపిల్లల్లో చాలామంది పదిహేను పగలగొట్టినవాడిదే అన్నారు. లెక్క చూశారు, మనసు చూడలేదు. నిజం చెప్పాలంటే మన ఇళ్లలో తిట్లు కూడా ఈ పద్ధతిలోనే పడతాయి. స్టీలు గ్లాసు కింద పడితే ఓ చూపు, గాజు గ్లాసు పడితే వీపు మీద దెబ్బ. చేతులు జారింది రెండుసార్లూ ఒకేలా. ఇది చూసి పెరిగే పిల్లకు తన పొరపాటు బరువు ఎంతో ఎలా తెలియాలి?

మంట వల్ల ఏం లాభం?

ఇంత చేదుగా ఉండే భావం పిల్లలకు ఎందుకు, లేకపోతేనే హాయి కదా అనిపిస్తుంది. 2004లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తల బృందం ఓ పరిశీలన ప్రచురించింది. మెదడులో నుదుటి వెనక, కళ్లకు కాస్త పైన ఉండే భాగం దెబ్బతిన్నవాళ్లతో జూదం లాంటి ఆట ఆడించారు. ఓడిపోతే వాళ్లకు బాధ ఉంది. కానీ 'అది ఎంచుకుని ఉంటే' అన్న మంట లేదు. అందుకే ఆటలో తప్పుల నుంచి ఏమీ నేర్చుకోలేకపోయారు. నష్టం తెచ్చిపెట్టే వైపే మళ్లీ మళ్లీ వెళ్లారు.

బెల్‌ఫాస్ట్ వాళ్లు 2014లో ఇదే సంగతిని పిల్లల్లో చూశారు. పెట్టెల ఆట ఆడించి, మరుసటి రోజు మళ్లీ అవే పెట్టెలు ముందు పెట్టారు. నిన్న ముఖం వాడిపోయిన పిల్లలు ఈసారి రెండోదాన్ని పట్టుకున్నారు. నిన్న పశ్చాత్తాపం కనిపించని పిల్లల్లో ఆ మార్పు అంతగా లేదు. ఇంకో ప్రయోగంలో ఒక పెట్టె త్వరగా తెరుచుకుంటుంది, రెండోదానికి చాలాసేపు ఆగాలి. ఆగలేక మొదటిదాన్ని తెరిచి, తరవాత రెండోదాంట్లో ఉన్నది చూసి 'అయ్యో' అనుకున్న ఆరేడేళ్ల పిల్లలు మరోసారి ఓపిగ్గా ఆగడానికి మొగ్గారు. 2019లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ముచ్చటైంది. అందులో తోటి పిల్లలకు ఇవ్వకుండా తామే ఉంచుకుని, తరవాత మనసు చివుక్కుమన్న పిల్లలు మరో అవకాశం వచ్చినప్పుడు చేయి చాచి ఇచ్చారు.

వీటిలో ఎక్కడా ఎవరూ పిల్లల్ని తిట్టలేదు. 'చూశావా, నే చెప్పలే' అనలేదు. రెండో పెట్టె తెరిచి చూపించారు, అంతే. మిగతా పని పిల్లల మనసే చేసుకుంది. మన ఇళ్లలో రెండో పెట్టె తెరుచుకునేలోపే నలుగురి మాటలూ మొదలవుతాయి. తిట్టు పడగానే పిల్ల బుర్రలో కోడిపిల్ల పక్కకు పోతుంది, తిట్టినవాళ్ల ముఖం వచ్చి కూర్చుంటుంది. ఇక అక్కడున్నది భయమే. ఫోన్లో ఆటలది ఇంకో దారి. ఓడిపోగానే మీట నొక్కితే ఇంకో ప్రాణం వచ్చేస్తుంది. 'అయ్యో' అనుకునే సందే ఇవ్వదు!

గాంధీజీ పదిహేనేళ్ల వయసులో అన్న చేతి బంగారు కడియంలోంచి చిన్న ముక్క దొంగిలించారు. అన్నకున్న పాతిక రూపాయల అప్పు తీర్చడానికే. కానీ మనసు ఊరుకోలేదు. నోటితో చెప్పే ధైర్యం లేక చీటీ రాసి, శిక్ష వేయమని కోరుతూ తండ్రి చేతికిచ్చారు. జబ్బుతో మంచం మీదున్న తండ్రి లేచి కూర్చుని చదివారు. కన్నీళ్లతో చీటీ తడిసింది. దాన్ని చింపేసి మళ్లీ పడుకున్నారు. ఆయన కోప్పడతారని, తల బాదుకుంటారని కొడుకు భయపడ్డాడు. ఏదీ జరగలేదు. ఆ తండ్రి మౌనాన్ని గాంధీజీ తన ఆత్మకథలో ఎంతో ప్రేమగా తలచుకున్నారు.

తనది కాని తప్పు

పశ్చాత్తాపం లేని పిల్లల గురించి తల్లిదండ్రులు కంగారు పడతారు. కంగారు పడాల్సింది ఇంకోచోట ఉంది. చేయని తప్పుకు లోలోపల కాలిపోయే పిల్లల దగ్గర.

కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల... ఈ జిల్లాల్లో గల్ఫ్ దేశాలకు మనిషిని పంపని ఊరు వెతికినా దొరకడం కష్టం. బాన్సువాడ పరిసరాలూ అంతే. నాన్న దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉంటాడు. రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వస్తాడు. మిగతా రోజుల్లో నాన్న అంటే ఫోన్ తెర మీద ముఖం. ఓ ఆరేళ్ల పిల్లాడు నాన్నను సైకిల్ అడిగాడనుకోండి. కొనివ్వడానికి డబ్బులు లేవని నాన్న అన్నాడు. పిల్లాడు అలిగి అన్నం తినలేదు. ఆ మరుసటి నెలలోనే నాన్న విమానం ఎక్కాడు. వాడి బుర్రలో ఈ రెండూ ముడిపడిపోతాయి. 'సైకిల్ అడగకపోతే డాడీ పోకపోవు.'

చిన్నపిల్లలు ఇంట్లో జరిగిన పెద్ద పెద్ద సంగతులకు తమ చేష్టలే కారణమనుకుంటారని పిల్లల మనస్తత్వం తెలిసినవాళ్లు ఎప్పట్నుంచో చెబుతున్నారు. తాత చనిపోవడం, అమ్మకు జబ్బు చేయడం, అమ్మానాన్నలు విడిపోవడం... దేనికైనా తమ అల్లరితో లంకె వేసేసుకుంటారు. ఇందాకటి బురద చెప్పులు ఇక్కడే పనికొస్తాయి. నేల పాడవడానికి ఇద్దరి కాళ్లున్నా, పిల్లాడికి తన కాళ్లొక్కటే కనిపిస్తాయి. నాన్న వెళ్లడం వెనక బోరు అప్పుంటుంది, చెల్లెలి పెళ్లి అప్పుంటుంది, ఊళ్లో దొరకని పని ఉంటుంది. వాడు సైకిల్ అడిగినా, అడగకపోయినా ఆ విమానం ఎగిరేదే. కానీ ఆ అప్పుల మాటలు పెద్దవాళ్లు పిల్లాడు నిద్రపోయాకే మాట్లాడుకుంటారు. వాడికి తెలిసిన కారణం ఒక్కటే... సైకిల్.

దీని మీద ఆజ్యం పోసేది పెద్దవాళ్ల నోరే. చెప్పిన మాట వినకపోతే 'గిట్ల చేస్తే డాడీ రాడు' అంటారు. అన్నం తినకపోతే అదే మాట, హోంవర్క్ చేయకపోతే అదే మాట. అమ్మకు అది మాటవరసకు వచ్చిన బెదిరింపు. నిమిషంలో మరిచిపోతుంది. పిల్లాడు మరవడు. పండక్కి వస్తానన్న నాన్నకు సెలవు దొరక్క రాలేకపోతే, ఎందుకు రాలేదో వాడికి ముందే తెలుసు! ఆ మధ్య అన్నం పడేసిన రోజు గుర్తొస్తుంది. ఎవరితోనూ అనడు. ఉన్నట్టుండి బుద్ధిమంతుడైపోతాడు. అడిగింది తింటాడు, సైకిల్ ఊసెత్తడు. 'మా వాడికి తెలివి వచ్చింది' అని ఇంట్లో మురిసిపోతారు. ఆ బుద్ధి వెనక ఏముందో చూసేవాళ్లు తక్కువ.

అలాంటి పిల్లాడికి 'నీ తప్పేం లేదు బిడ్డా' అని చెబితే సరిపోతుందా? వాడు తన లెక్క పైకి చెప్పనే లేదు కదా, ఏ తప్పు గురించి అంటున్నారో కూడా తెలియదు. అంతకన్నా ముందు ఓ ప్రశ్న అడగొచ్చు. 'డాడీ ఎందుకు పోయిండని అనుకుంటున్నవ్?' జవాబు అప్పుడే రాకపోవచ్చు. వారం తరవాత జడ వేయించుకుంటున్న చెల్లి పక్కన కూర్చునో, బస్టాండులో బస్సు కోసం నిలబడినప్పుడో, సంబంధం లేకుండా బయటపడొచ్చు. బయటపడ్డాక నవ్వి తీసిపారేయకుండా, అప్పు సంగతి, పని సంగతి ఆరేళ్లవాడికి అర్థమయ్యేంత మేరకు చెప్పాలి. వాడికి ఎక్కాలు వస్తాయి. ఎంత తెచ్చాం, ఎంత కట్టాం, ఇంకెంత ఉంది అంటే బాగానే వింటాడు. నాన్నే ఫోన్లో చెబితే ఇంకా మంచిది. 'నువ్వు సైకిల్ అడగకముందే నేను పాస్‌పోర్ట్ తీసుకున్న' అన్న ఒక్క మాట చాలు... నేల మీద ఇంకో జత బురద కాళ్లున్నాయని వాడికి కనిపించడానికి.